పసుపు పూసిన గడపకి గాడి

మొన్న తలుపు చేయిద్దామని నిడదవోలులో ఒక కార్ఖానాకి వెళ్తే, అక్కడి వడ్రంగి రంపం మిషను మీద చెక్కకి గాడి తీస్తూ ఉత్త అరచేత్తో తోస్తున్నాడు. తోపుడు కర్ర ఏదయ్యా అంటే, బ్లేడు చెక్క కిందే ఉంటుంది కదండీ అని నాకే పాఠం చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది. గాడి కోతలో మోసమంతా అక్కడే ఉందండీ. చెక్కని రెండుగా కోసేటప్పుడు బ్లేడు కంటికి కనబడుతుంది, చెయ్యి దానంతటదే భయపడుతుంది. గాడికైతే బ్లేడుని బాగా దించేస్తాం కనక, అది చెక్క చాటున దాక్కుని, చెక్క దాటిపోగానే పళ్ళు బయటపెడుతుంది.

ఈ సంగతి నాకు మా సొంత వడ్రంగి కార్ఖానాలో దెబ్బలతో తెలిసింది. మా నాన్నగారు తోపుడు కర్రని చెక్కల మీద ఎంత వాడేవారో మనుషుల మీదా అంతే వాడేవారు. ఎవరి చెయ్యైనా బ్లేడు వైపు జరిగితే చాలు, మిషను ఆపి మరీ మణికట్టు మీద ఫెడీమని ఒకటి వేసేవారు. డిగ్రీ చదువుతున్న కూతురినని కూడా చూడకుండా నాకూ వేశారు. వాచిన చేత్తోనే సాయంత్రం దాకా ఆయనతో వాదించాను. ఎక్కువ తిన్నది మాత్రం మా బాబాయి. పనితనమూ ఆయనదే, తొందరా ఆయనదే.

ఒక వైశాఖంలో భీమవరం వైపు చేపల చెరువులున్న ఒకావిడ మా దగ్గర సింహద్వారం చేయించుకుంటోంది. మర్నాడే గుమ్మం నిలబెట్టే ముహూర్తం, గడపకి గాడి తియ్యడం ఒక్కటే మిగిలింది. ఎవరైనా గుమ్మం నిలబెట్టేటప్పుడు పసుపు రాస్తారు. ఈవిడ మాత్రం ఇవాళే మంచి ఘడియ ఉందంటూ, నాన్నగారు కలపకోసం బయటికెళ్ళిన వేళ వచ్చి, గాడి తియ్యని చెక్కకే తడి పసుపు దట్టంగా పూసి బొట్లు పెట్టేసింది. ఆరనివ్వండని నేను, ముహూర్తం ఆగుతుందా అని ఆవిడ. బాబాయి కర్ర అందుకోబోతే ఆవిడ గుండెలు బాదుకుంది.

"బొట్టు పెట్టిన లక్ష్మీదేవిని కర్రతో పొడుస్తారా అండీ!"

"అయితే అమ్మవారికి వేళ్ళు నైవేద్యం పెట్టాలేంటండీ?" అన్నాను నేను.

చదువుకున్న పిల్లలకి నోరే ముందని ఆవిడ మూతి తిప్పింది. బాబాయి దైవభీతి గల మనిషి. కర్ర పక్కన పెట్టేసి, గడపని కళ్ళకద్దుకుని, రెండు అరచేతులూ ఆ పసుపు మీద ఆన్చి తోశాడు.

చేతులు జారాయి. చెక్క మెలితిరిగి బ్లేడుకి బిగుసుకుని, కీచుమని అరిచి, వెనక్కి ఎగిరి ఆయన డొక్కలో తన్నింది. కుడిచెయ్యి మాత్రం ముందుకే పోయింది. నేను ఉరికి స్విచ్చి ఆపేసరికి పసుపంతా నెత్తురు, రంపప్పొట్టులో రెండు వేళ్ళు.

అప్పుడే వచ్చిన నాన్నగారు తువ్వాలు చింపి ఆ చేతికి కట్టు కట్టారు. కడుతూనే తమ్ముడి చెంపలు వాయించారు, ఏడుస్తూ, బూతులు తిడుతూ, ఆటో ఎక్కించేదాకా కొడుతూనే ఉన్నారు. ఆ వేళ్ళు ఇక అతకవని ఆసుపత్రిలో చెప్పేశారు. మర్నాడు ఆవిడ వచ్చి, నెత్తురు పడిన గడప అశుభం, ఇంకోటి చేసివ్వమంది. నాన్నగారు గొడ్డలి తీశారు. ఆవిడ మీదికేననుకుని కెవ్వుమన్నాను; ఆయన ఆ గడపని ఆవిడ కాళ్ళ ముందే పేళ్ళుపేళ్ళుగా నరికి, తీసుకెళ్ళి పూజ చేసుకోండమ్మా అన్నారు.

బాబాయి మళ్ళీ మిషను ముట్టుకోలేదు. బతికినంత కాలం తలుపులకి ఎడమచేత్తో పాలిష్ పట్టాడు, అన్నం ఎడమచేత్తో తినలేక చెంచాతో తిన్నాడు.

ఇప్పుడు గడపలు గ్రానైటువి, వాటి మీద పసుపూ బొట్లూ స్టిక్కర్లు. అందరం మర్యాదగా అండీ అండీ అనుకుంటున్నాం, ఎవరి చెయ్యి ఎక్కడుందో ఎవరికీ పట్టదు. మనిషిని కొట్టడం తప్పేనండీ, దానికి నేనే ఎవరితోనైనా వాదిస్తాను. కానీ తమ్ముడి వేళ్ళ కోసం అన్నకి వచ్చిన ఆ కోపం నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది, నా కోసం అంత కోపం తెచ్చుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ మిగల్లేదు.