అక్క మిషను ముందు ఎర్ర దీపం

పదేళ్ల వయసులో వచ్చిన జ్వరంతో మా అక్కకు వినికిడి పూర్తిగా పోయింది. మాట పోలేదు, ఎదుటివాళ్ల పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహిస్తుంది. భోపాల్‌పట్నంలో మా ఇంటి ముందుగదిలో, గేటు వైపు వీపు పెట్టి కూర్చుని, ఆమె జాకెట్లు కుడుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన నేను చుట్టుపక్కల ఊళ్లలో సౌర పంపుల కంట్రోలర్లు బాగుచేస్తుంటాను కనుక పగలు ఇంట్లో ఉండను.

ఇంతకుముందు ఆమె కోసం వచ్చే ఆడవాళ్లు నేరుగా లోపలికి వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు. చెయ్యి పడ్డ ప్రతిసారీ ఆమె ఉలిక్కిపడేది, కుట్టు వంకరపోయేది. అందుకని గేటుకు ఒక బటన్, మిషనుకు ఎదురుగా గోడకు రంగులు మారే స్మార్ట్ బల్బు బిగించాను. మామూలుగా అది పనికి వెలుగిచ్చే తెల్ల దీపం. బటన్ నొక్కితే మూడుసార్లు ఎర్రగా మారుతుంది. మొదట్లో ఆ సంకేతం ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వరుకు వెళ్లి తిరిగివచ్చేది. ఇక్కడి నెట్‌వర్క్‌తో అది కుదరదని తెలిసి, నెల తిరక్కుండానే ఆ పనిని ఇంట్లో పెట్టిన చిన్న కంట్రోలర్‌కు అప్పగించాను. నొక్కడానికీ వెలగడానికీ మధ్య ఆలస్యం అర సెకనుకు లోపే.

"ఇగ నన్నెవ్వరు జడిపియ్యరు" అంది అక్క.

గేటు దగ్గర ఆగి బటన్ నొక్కడం ఆడవాళ్లందరూ త్వరగానే నేర్చుకున్నారు. నేను అమర్చిన వాటిలో అన్నిటికంటే నిలకడగా పనిచేసింది ఆ అలవాటే.

మొన్న వేసవిలో గాలిదుమారం లేచిన ఒక మధ్యాహ్నం, పనినుంచి తిరిగివస్తున్న నాకు బస్సుల దగ్గర మద్దేడ్ నుంచి వచ్చిన ఒక రైతు భార్య ఎదురైంది. కూతురి పెళ్లి జాకెట్లన్నీ అక్క చేతనే కుట్టిస్తానని ఆమె అంతకుముందే చెప్పి ఉంది. అక్క ఆ పని కోసం వేరే పనులు ఒప్పుకోకుండా వారం రోజులు ఖాళీ ఉంచుకుంది.

"ఏంది సారూ, మీ అక్కకు అంత గర్వమెప్పుడొచ్చింది?" అంది ఆమె. "ఎండల నిలబడి నొక్కిన, మల్ల నొక్కిన. కిటికీలకెళ్లి కనబడుతనే ఉన్నది, మిషను తొక్కుతనే ఉన్నది. తిరిగి సూడలే."

"ఆమెకు వినబడదు కదమ్మా..."

"నాకు తెల్వదా? చెవులు లేకపోతె కండ్లున్నయి గద! నొక్కితె ఎర్ర లైటు ఎలుగుతదని ఊరంత చెప్పుకుంటున్రు."

"లోపలికి పోయి భుజం తట్టకపోతిరా?"

"మంచిగున్నది! గంట పెట్టుకున్నోళ్ల ఇంట్ల చెప్పకుండ ఎట్ల జొరబడాలె? బట్టలన్ని ఇంకో టైలర్‌కు ఇచ్చిన."

ఇంటికి వెళ్లి పరీక్షిస్తే బల్బు తెల్లగా, ఏ లోపమూ లేనట్టు వెలుగుతోంది. బటన్ నొక్కితే మాత్రం రంగు మారలేదు. కారణం గంటలోపే దొరికింది. ఆ బల్బును కొత్తగా కంట్రోలర్‌కు జతచేయాలంటే దాని స్విచ్చిని వెంటవెంటనే ఐదుసార్లు ఆర్పి వేయాలి. ఆ మధ్యాహ్నం గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు అదే విధంగా పోతూ వస్తూ ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే బల్బు మా కంట్రోలర్‌ను మరిచిపోయి మామూలు బల్బు అయిపోయింది. దాన్ని చేసినవాళ్ల దృష్టిలో అది లోపం కాదు; రాసి ఉన్న పద్ధతి ప్రకారమే ప్రవర్తించింది.

ఇదంతా అక్కకు పెదవులు నిదానంగా కదుపుతూ చెప్పాను. పెళ్లి జాకెట్ల గురించి ఆమె ఒక్క మాటా అనలేదు.

"చెడిపోయినా తెల్లగనే ఉంటది, ఎవ్వరు రాకున్నా తెల్లగనే ఉంటది. నాకెట్ల తెల్వాలెరా?" అని మాత్రం అడిగింది.

పరికరం పెట్టే ముందు నేను వేసుకోవలసిన ప్రశ్న అది. ఆ బల్బు తీసేసి, బ్యాటరీ మీద నడిచే ఎల్‌ఈడీ పెట్టాను. గేటు నుంచి తీగ లాగాను. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ దీపం సన్నగా పచ్చగా ఉంటుంది. ఎవరైనా నొక్కితే ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ దిగినా ఆరిపోతుంది. మెయిన్ స్విచ్చిని ఇరవైసార్లు ఆర్పి వేసి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే వారపు అంగడి రోజున పని మానుకుని ఇంట్లోనే కూర్చున్నాను. వచ్చిన వాళ్లలో ఒకరిద్దరికి, ఇకనుంచి నొక్కినా నొక్కకపోయినా లోపలికి వచ్చి భుజం తట్టమని చెప్పాను. వాళ్లు నవ్వారు. "గంట ఉన్నది గద సార్!" అన్నారు.

దీపం ప్రతిసారీ ఎర్రబడింది. అయితే అక్క నాలుగు అంగుళాలు కుట్టి తలెత్తుతోంది. దీపం వైపు చూసి, మళ్లీ వంగి, మళ్లీ తలెత్తుతోంది. మధ్యాహ్నానికి ఒక్క జాకెట్ కూడా పూర్తికాలేదు.

"ఎందుకక్కా మాటిమాటికి చూస్తున్నవ్?" అని ఎదురుగా వెళ్లి అడిగాను.

"ముందుగాల ఎర్రగైతె తలెత్తేదాన్ని. ఇప్పుడు పచ్చగున్నదా లేదా అని ఎత్తుతున్న. అది నేను గాక ఎవరు చూస్తరు?"

కాసేపటికి మిషను ఆపి, లేచి గేటు దాకా వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. రోడ్డుకు అటూ ఇటూ చూసి తిరిగివచ్చింది.

"ఎవరన్న వస్తె ఎర్రగైతది అక్కా. నేను పరీక్ష చేసిన."

ఆమె నా పెదవులను చివరిదాకా చూసింది.

"ఆ తెల్ల బల్బు పెట్టిననాడు గూడ గిట్లనే అన్నవ్ గద, తమ్మీ" అంది. కోపంగా అనలేదు. తెగిన దారాన్ని సూదికి మళ్లీ ఎక్కించుకుని, రెండు కుట్లు వేసి, గేటు వైపు నడిచింది.