పొద్దున వద్దని, మధ్యాహ్నం కావాలని

నిరుడు పత్తి తీసే రోజులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య బస్సుల్లో తిరగడమే నా ఉద్యోగమా అనిపించేది. నేను నర్సింగ్ ట్యూటర్‌ని. నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫరీ చదివే సిస్టర్లకు క్లినికల్ పోస్టింగులు, అంటే కాన్పుల వార్డులో దగ్గరుండి పని నేర్చుకునే చోటు, చూసిపెట్టడం నా పని. వీళ్లు కొత్త పిల్లలు కాదు, అప్పటికే స్టాఫ్ నర్సులు. ఈ శిక్షణ పూర్తయితే మామూలు కాన్పులు సొంతంగా చూస్తారు. తేడా కనిపిస్తే డాక్టరును పిలుస్తారు.

చోటు దొరకడం చెప్పినంత సులువు కాదు. ఒక దవాఖానలో కాన్పుల డాక్టరమ్మ నన్ను నిలబెట్టే మాట్లాడింది.

"మీవాళ్లు నార్మల్ నార్మల్ అని మొండికేస్తరు. ఆఖరికి నా మీదికి వస్తది. ఒక్కరిని పంపండి, చూస్త. తేడా వస్తే మీ బ్యాచ్ మొత్తానికి ఇక్కడ తలుపులు మూసినట్టే."

ఆ ఒక్కరిగా షాహీన్‌ను పంపాను. మానవపాడు అమ్మాయి. ఐసీయూలో మంచి పేరు తెచ్చుకుని, దాన్ని వదులుకుని మరీ ఇటు వచ్చింది. "డాక్టరు కాదు, ఉత్త నర్సు కాదు, ఏం కొలువు ఇది?" అని ఇంట్లో రోజూ దెప్పేవారట.

ఒకరోజు నేను వార్డుకు వెళ్లేసరికి ధరూర్ వైపు నుంచి మాధవి అనే అమ్మాయి తొలి కాన్పు నొప్పులతో వచ్చి ఉంది. వెంట అత్త ఈరమ్మ. మా వైపు ఇప్పుడు పెళ్లికే కాదు, కాన్పుకూ ముహూర్తం పెట్టించుకొస్తున్నారు.

"పంతులు మంచి టైం చెప్పిండు. జల్ది కోసి బిడ్డను తీయుండ్రి," అంది ఈరమ్మ.

షాహీన్ ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. "పెద్దమ్మా, తల్లి మంచిగుంది. బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటుంది. ఊకెనే కడుపు కోసుడెందుకు? జర ఓపిక పట్టు, నేను పక్కనే ఉంట."

ఈరమ్మ ఊరికే వినే మనిషి కాదు. గొణిగింది, పంతులుకు ఫోను చేసింది, మధ్యలో కొడుకును కూడా తిట్టింది. ముహూర్తం కాస్తా దాటిపోయింది. చివరికి షాహీన్ చేయి పట్టుకుని కోడలు వరండాలో నడుస్తుంటే చూసి, తనే ఇద్దరికీ చాయ్ తెప్పించింది. ఇక గట్టెక్కినట్టే అనుకుని నేను మురిసిపోయాను.

మధ్యాహ్నం ఉమ్మనీరు పోయింది. ఆకుపచ్చగా ఉంది, బిడ్డ లోపలే విరేచనం చేసిందని గుర్తు. షాహీన్ వెంటనే డాప్లర్ పెట్టింది. అది బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం. నొప్పి తగ్గాక కూడా గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది. మాధవిని ఎడమ పక్కకు తిప్పి మళ్లీ వింది. మారలేదు. ఇప్పుడు డాక్టరును పిలిస్తే పొద్దున చెప్పిన మాటంతా నవ్వులపాలు.

షాహీన్ నా వైపు చూడను కూడా లేదు. "మేడం, ఇది ఇగ నేను చూసే కాన్పు కాదు, మీరు రావాలె," అని డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఆపరేషన్ అంది. మాధవి ఒప్పుకుంది. ఈరమ్మకు తనే చెబుతానని షాహీన్ వెళ్లింది.

ఈరమ్మ భగ్గుమంది. "పొద్దుగాల నేను కోయమంటే వద్దంటివి. మంచి గడియ పాయె. ఇప్పుడు నువ్వే కోస్తమంటున్నవ్. మాతోని ఆటలాడుతున్నవా?"

"పొద్దుగాల బిడ్డ మంచిగ ఉండె, గందుకే వద్దన్న. ఇప్పుడు బిడ్డ అలసిపోతుంది, గందుకే కావాలంటున్న. రెండుసార్లు నిజమే చెప్పిన పెద్దమ్మా. తిట్టాలంటే రేపు తిట్టు, పడత."

ఈరమ్మ గొంతు తగ్గించింది. "సరె, కానియ్," అంది.

ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. ఊపిరి అందించాక ఏడ్చింది. ఆ ఏడుపు థియేటర్ బయటికి వినబడ్డాక ఈరమ్మ బెంచీ మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

ఆ కాన్పు షాహీన్ శిక్షణ లెక్కలోకి రాలేదు. సొంతంగా చేసినవే అందులోకి వస్తాయి. కానీ డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నాతో అంది: "ఎప్పుడు ఆగాల్నో ఈమెకు తెలుసు. మిగిలినోళ్లను కూడ పంపండి."

అంతకుముందు చోటు అడగడానికి వెళ్తే మావాళ్లు ఏమేం చేయగలరో ఏకరువు పెట్టేదాన్ని. ఇప్పుడు వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా, మావాళ్లు ఎక్కడ ఆగుతారో ముందు చెబుతాను. తల ఎత్తుకునే చెబుతాను.

ఇంటికి వెళ్లే రోజు ఈరమ్మ మనవరాలిని షాహీన్ చేతుల్లో పెట్టి అడిగింది.

"ఇంతకు నువ్వు డాక్టరువా, నర్సువా?"

"నర్సునే పెద్దమ్మా."

"అయితే దీన్ని గూడ నర్సు చదువే చదివిస్త. గా చదువుకు మాత్రం ముహూర్తం నేనే పెట్టిస్త. నువ్వు అడ్డం రాకు!"