నెమలి కడుపులో బుడగ

ఇమాంసాబన్నకు లోకంలో ఒకే ఒక శత్రువు: బుడగ.

ఆయన పని బస్సులకూ లారీలకూ బొమ్మలు అంటించడం. మద్రాసు నుంచి వచ్చే అచ్చుకాగితాన్ని నీళ్లలో నానబెడితే, మీదున్న రంగుబొమ్మ పల్చటి పొరలా జారి వస్తుంది. దాన్ని బండి రేకు మీద పరిచి, రబ్బరు ముక్కతో నడుమ నుంచి అంచులకు నిమురుతూ లోపలి నీళ్లూ గాలీ వెళ్లగొట్టాలి. రవ్వంత గాలి చిక్కుకున్నా బుడగ లేస్తుంది. లేస్తే కొంపలేం మునగవని మనం అనుకుంటాం. ఆయన అనుకోడు.

హోటల్లో దోసె మీద బుడగ కనిపించినా వేలితో నొక్కి, అంచుదాకా తోసి గానీ తినడు. కరువు పనుల కూలి పెంచాలని మేము, కూలీల సంఘం వాళ్లం, కదిరి గోడలకు అంటించిన కాగితాలను ఒకసారి వరసగా పీకేశాడు. నేను కొట్లాటకు పోయాను.

"మీ కాగితం నిండా ముడతలే గదప్పా. పెంచాలనే మాట మడతలో పోయిండాది. సర్కారుకు యాడ కనపడుతుంది?" అని మళ్లీ తానే అంటించాడు.

కూలి పెరగలేదు. ముడత మాత్రం లేదు.

ఈ మనిషి నా ప్రాణానికి తగులుకున్నది పందొమ్మిదివందల యాభైల్లో, ఒక కరువు ఏట. శ్రీరంగప్ప అనే ఆసామి కదిరి నుంచి కొత్తచెరువుకు బస్సు వేశాడు. దాని ఒళ్లంతా నెమళ్లూ పూలతీగెలూ ఉండాలని ఆయన ముచ్చట. పగటిపూట రేకు పెనంలా కాలుతుంది కాబట్టి, ఎండ వాలాక, బస్సు బస్టాండులో నిలబడే గంటలో రోజుకో బొమ్మ. ఐదుకు బస్సు కదలాలి. నేను అందులోనే పోయి కొత్తచెరువులో పెద్దవాళ్లకు చదువు చెప్పాలి.

నాకు ఇంకో తలనొప్పి కూడా ఉండేది. ఊరికి ఆవల కరువు పనిలో కంకర కొట్టే ఆడవాళ్లను మేస్త్రీ ఐదయ్యేదాకా వదలడు. బస్టాండుకు వచ్చేసరికి ఐదుంపావు దాటుతుంది. బస్సు తప్పితే, దారిలో ఉన్న తమ ఊరికి చంకలో బిడ్డలతో తొమ్మిది మైళ్ల నడక. అరగంట ఆపమని శ్రీరంగప్పకు మూడు అర్జీలు ఇచ్చాను.

"ఐదంటే ఐదే. కూలోళ్ల కోసం నా బస్సు నిలబడదు" అన్నాడు మూడుసార్లూ. ఆయన గడియారానికి వాళ్ల కాళ్లతో పనిలేదు.

ఐదయ్యేది. డ్రైవరు లింగప్ప హారను కొట్టేవాడు.

"ఇమాంసాబన్నా, లెయ్. పోదాం."

"ఉండప్పా. నెమలి కడుపులో బుడగ ఉండాది."

"నిన్న తోకలో అంటివి?"

"అది నిన్న."

నేను దిగి చూసేవాణ్ణి. "నాకేం కనపడలేదే."

"నీకు కనపడితే నిన్నే పిలుద్దురు గదప్పా, నన్నెందుకు?"

తడి ఆరకముందు కదిలితే దుమ్ము పట్టి బొమ్మ చెడుతుందని శ్రీరంగప్ప కూడా గొణుక్కుంటూ ఊరుకునేవాడు. గుడ్డ తడపడం, నిమరడం, ఒక కన్ను మూసి చూడటం, మళ్లీ తడపడం. ఐదుంపావు. ఐదున్నర. అక్కడ నా బడిలో జనం ఆవులిస్తుంటారు. ఒకరోజు ఆగలేక, "చేతకాకపోతే మానుకోరాదా?" అని మొహం మీదే అనేశాను. ఆయన రబ్బరు ముక్క కడుక్కుని మళ్లీ నిమరడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారం ఆయన ఒక లారీకి పని చేస్తుంటే చూశాను. నాలుగడుగుల సింహం. నీళ్లలోంచి తీశాడు, పరిచాడు, నిమిరాడు. పది నిమిషాలు. నేను వేళ్లతో తడిమాను. ఒక్క బుడగ లేదు.

"ఏమన్నా, బస్సుకైతే గంటన్నర పడుతుందే?"

"లారీలో కంకర పని ఆడోళ్లు ఎక్కరు గదప్పా" అన్నాడు, సింహం మీసం తుడుస్తూ.

మూడు అర్జీల్లో నా సంతకం ఎంత బాగుందో చూసుకున్నాను గానీ, నెలరోజులుగా ఆ ఆడవాళ్లలో ఒక్కరు కూడా నడిచి పోలేదన్న సంగతి చూడలేదు.

మర్నాడు ఐదున్నరకు ఓబమ్మ అనే ఆమె ముందుగా, మిగతావాళ్లు వెనకగా, ఒంటినిండా కంకర దుమ్ముతో రొప్పుతూ వచ్చారు. ఓబమ్మ మెట్టు మీద కాలుపెట్టి నెమలిని చూసింది.

"ఇంకా ఈడనే ఉండావా ఇమాంసాబన్నా? ఇన్ని దినాలైనా నీకు పని రాలేదు. ఏదో, నువ్వు చేతగానోడివి కాబట్టి మాకు బస్సు దొరుకుతాండాది."

నేను నోరు తెరవబోయాను. ఇమాంసాబన్న నా కాలు తొక్కాడు.

"నేర్చుకుంటాండాలే అక్కా" అన్నాడు ఆమెతో. "నువ్వు ఎక్కు."