టైగర్ ఎంచుకున్న బొమ్మ

మా కుక్క టైగర్‌ని గోడకి ఏ బొమ్మ కావాలో ఎంచుకోమంటే సముద్రమే కావాలంటుందని నా నమ్మకం. భీమిలి ఒడ్డున చేపల వేట చేసే మా బావ ఇచ్చిన కుక్కపిల్ల మరి. అందుకే గోపాలపట్నం ఫ్లాట్‌లో దాని పరుపు పైన పెద్ద అలల పెయింటింగ్ తగిలించాను. అది ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

ఈ రోజు బావ ఒడ్డు నుంచి నేరుగా చేపలు పట్టుకొచ్చాడు. కాళ్లనిండా తడి ఇసుక.

“కాళ్లు కడుక్కో బావా, ఇల్లంతా ఇసకైపోద్ది,” అంటూ నీళ్ల చెంబు అందించబోయాను. ఈలోగా టైగర్ దూకి ఆ కాళ్లు నాకడం మొదలెట్టింది. ఎంత పిలిచినా రాదే!

బావ నవ్వాడు. “దీన్నెప్పుడైనా సముద్రానికి తీసుకెల్లావేటి బావా?”

బీచ్ మాకు అరగంట దూరం. ఒక్కసారీ తీసుకెళ్లలేదు. చెంబు పక్కన పెట్టేశాను.

మీ కుక్క ఏ బొమ్మ ఎంచుకుంటుందో చెప్పండి. మాది నేను కడిగించబోయిన కాళ్లని ఎంచుకుంది.