సూడు అన్నాడు నాయన

మా కారును చూసి నవ్వని మనిషి రాబర్ట్‌సన్‌పేటలో లేడు. ఒళ్ళు పాత పెట్రోలు కారుది, ఇంజను ఎక్కడో బోల్తా పడిన డీజిల్ వ్యానుది. బంగారు గని మూతపడ్డాక చేతులు ఊరుకోక, మా నాయన కోరమండల్ గని కాలనీలో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి ఆ రెండింటికీ పెళ్ళి చేశాడు. గనిలో ఆయన పంపుల ఫిట్టరు. షెడ్డులో టార్చి పట్టుకునేది నేను. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, కొంగు నడుముకు చెక్కి, గ్రీజు పూసుకునేదాన్ని. అమ్మ పోయిన ఇల్లు కాబట్టి వద్దనేవాళ్ళు కూడా లేరు.

ఆ కారులోనే ఆయన్ని కోలారు పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్న మనిషి, దగ్గు మాకు కొత్త కాదు. కానీ ఆ పొద్దున ఊపిరి అందక గోడ పట్టుకుని కూలబడ్డాడు. వీధి చివరి డాక్టరు ఛాతీ విని, "ఆక్సిజన్ పెట్టాలమ్మా, లేటు చేయొద్దు, కోలారు పో" అన్నాడు. అంబులెన్సు ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్ళిపోయి ఉంది. నాయనను వెనక సీట్లో పడుకోబెట్టి, వణుకుతున్నాడని గొంతు దాకా కంబళి కప్పి, తాళం తిప్పాను.

ఊరు దాటామో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు ఒక్క గంతులో ఎర్ర గీత మీదికి పోయింది. ఇంజను మసిలి బిగుసుకుపోతే, నడిరోడ్డు మీద నేనూ, ఊపిరాడని నాయనా. చెట్టు నీడ చూసి ఆపేశాను.

"సూడు" అన్నాడు నాయన వెనక నుంచి.

మా ఇంట్లో ఎవరూ చూడు అనరు, సూడు అనే అంటారు. అమ్మది రాయల్పాడు, ఆమె మాటే మా అందరి మాట. ముల్లు సంగతి చెప్తున్నాడనుకున్నాను. "సూస్తానే ఉండాను నాయనా, ఎర్రగీత కాడ ఉండాది" అన్నాను.

బానెట్ ఎత్తాను. రేడియేటర్ మూత వేడి మీద తిప్పితే ముఖం కాలిపోతుందని నేర్పింది నాయనే. చల్లారాలి కదా అని నిలబడ్డాను. లోపల ఆయన ఈల వేస్తున్నట్టు ఊపిరి లాగుతున్నాడు, బయట నేను ఇంజను చల్లారడానికి కాచుకుని ఉన్నాను. ఇంతకంటే నరకం నేను చూడలేదు. చెయ్యి ఊపితే లారీలు హారను కొట్టి పోయాయి. స్కూటరాయన ఒకడు మాత్రం ఆగి, "ఏంటమ్మా, మీ కలగూరగంప అలిగిందా?" అని నవ్వాడు. తర్వాత వెనక సీటు చూసి ముఖం ముడుచుకుని, "అయ్యో, స్కూటరు మీద యాడ పండబెట్టేదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మళ్ళీ బయలుదేరితే మళ్ళీ ఎర్ర గీత. మళ్ళీ ఆపాను. మధ్యలో వచ్చే బంగారుపేట కూడా ఇంకా రాలేదు.

"సూడు... సూడు..."

"సూస్తా ఉండాను అంటిని కదా! ఇంగేం సూడమంటావు నన్ను?" అని అరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేశాను కూడా.

ఏడుపు అయ్యాక, ఇంజను ఆరిందో లేదో చూద్దామని తాళం సగం మాత్రమే తిప్పాను. ఇంజను ఇంకా అందుకోనే లేదు, ముల్లు ఎగిరి ఎర్ర గీత మీద కూర్చుంది. ఇంతసేపు ఆరిన ఎసరు పొయ్యి వెలిగించకముందే కాగుతుందా? కోపంతో దిగి, రేడియేటర్ పైగొట్టాన్ని పట్టుకున్నాను. చెయ్యి హాయిగా ఆనింది. మూత తిప్పాను. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి, బుడగ కూడా లేదు.

అప్పుడు షెడ్డు గుర్తొచ్చింది. వ్యాను ఇంజనులోని సెన్సరుకీ, పాత కారు ముల్లుకీ మధ్య నాయన ఒకే ఒక పచ్చ వైరు లాగాడు. "ముల్లు పైకి పోతే ముందు ఈ వైరు పీకి సూడు. ముల్లు పడిపోతే సెన్సరు పోయినట్టు. పడకపోతే వైరు యాడనో ఒరుసుకోని బాడీకి తగుల్తా ఉన్నట్టు" అని టార్చి పట్టుకున్న నాకు చెప్పాడు. ఇంజను పక్కన చెయ్యి దూర్చి పచ్చ వైరు పీకాను. వచ్చి తాళం తిప్పాను. ముల్లు అడుగున పడి ఉంది.

సెన్సరు చచ్చింది. ఇంజనుకు ఏమీ కాలేదు. ఇంతసేపూ ఒక చచ్చిన సెన్సరు మాట నమ్మి మా నాయన ఊపిరిని రోడ్డు మీద ఆరబెట్టాను.

వెనక తలుపు తీసి, "నాయనా, ఇంజన్లో వేడి లేదు. ఆ సెన్సరే అబద్ధం చెప్తా ఉండాది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కంబళి కింద నుంచి చెయ్యి తీసి, నా చెయ్యి పట్టుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. "సూడు" అన్నాడు.

చెయ్యి చుర్రుమంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆయన మాట్లాడుతున్నది అమ్మ మాట కాదు, గని మాట. గని లోపల అందరిదీ తమిళం. అంత లోతున రాయి కూడా కాలుతుందట, అక్కడ ఆయన నోట్లో ఎప్పుడూ నానిన మాట అదే. తమిళంలో సూడు అంటే వేడి. పొద్దుటి నుంచీ ఆయన తన ఒళ్ళు చెప్తున్నాడు, నేను ముల్లు చూస్తున్నాను.

కంబళి లాగి బయట పారేశాను. రేడియేటరుకని డబ్బాలో ఉంచిన నీళ్ళన్నీ ఆయన మీదే పోశాను. వైరు వేలాడుతుండగానే, ముల్లు వైపు కన్నెత్తకుండా, కోలారు దాకా ఆపకుండా నడిపాను. బండి ఎక్కడా మొరాయించలేదు. దాన్ని చూసి నవ్వినవాళ్ళందరి మీదా నాకు మంట పుట్టింది.

ఆక్సిజన్ పెట్టారు. రెండు ఊపిరితిత్తులకూ నిమ్ము చేసిందని, జ్వరం దిగితే చూద్దామని అన్నారు. దిగలేదు. సాయంత్రం నర్సు లేని సమయంలో ఆయన ఆక్సిజన్ మాస్కు కాస్త జరిపి, "బండికి ఏమాయె?" అన్నాడు.

"సెన్సరు పోయింది నాయనా."

"వైరు పీకి సూసినావా?"

"పీకినాను. ముల్లు పడిపోయె."

"ఊ" అన్నాడు. ఫిట్టరు పనివాడిని మెచ్చుకునే ఊ అది. కాసేపటికి మళ్ళీ, "సూడు" అన్నాడు.

ఈసారి నేను తప్పు చేయదలచుకోలేదు. గబగబా తువ్వాలు తడిపి తెచ్చి, నుదురు తుడిచి, మెడ తుడిచి, అరికాళ్ళు తుడుస్తున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అది కాదమ్మా. నన్ను సూడు."

తువ్వాలు కింద పెట్టి చూశాను. ఆయన చూడడం ఆగిపోయే దాకా చూస్తూనే ఉన్నాను.