ముప్పై సెకన్ల ఖాళీ

అతన్ని అందరూ ‘జరగండి బాబాయ్’ అనేవాళ్లు. కెమెరా స్టాండు నిలబెట్టిన చోటల్లా అతని నోట మొదట వచ్చే మాట అదే. “అమ్మా, కొంచెం జరగండి. అయ్యా, ఆ సైకిలు కొంచెం జరపండి.” వీధి చివర టైలరైతే ఒకసారి అడిగేశాడు.

“మనుషుల్లేని ఫొటోలేంటి బాబాయ్? మా మొహాలు అంత బాలేవా?”

“మీ మొహాలకేం, దివ్యంగా ఉన్నాయి. వెలుగుకి అడ్డమొస్తున్నాయి, అంతే.”

అతనికి గదులు పట్టేవి కావు. గదికీ గదికీ మధ్య ఉండేవే కావాలి. వరండాలు, మెట్ల మలుపులు, ఆసుపత్రిలో ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి పోయే నడవా, సెలవురోజున బడి వసారా. ఎవరూ ఉండటానికి కట్టనివి, అందరూ దాటిపోయేవి. పొద్దున పదింటి ఎండ గోడ మీంచి జారి మెట్టు మెట్టుకీ విరుగుతుంటే, చూస్తూ చేతిలో టీ చల్లార్చుకునేవాడు. పొట్ట నింపే పని మాత్రం గృహ నిర్మాణ శాఖది. పాత భవనాల పగుళ్లూ, పెచ్చులూడిన గోడలూ ఫొటోలు తీసి ఇవ్వాలి.

అతను పని చేసే తీరు కాస్త చెప్పాలి. లెన్సు ముందు ఒక నల్ల అద్దం బిగిస్తాడు. ఇక వెలుగు బొట్టుబొట్టుగానే లోపలికి దిగుతుంది కాబట్టి షట్టరు ముప్పై సెకన్లు తెరిచి ఉంచుతాడు. అంతసేపూ కదలనిదే ఫొటోలో మిగులుతుంది. గోడ, కిటికీ, మెట్టు. నడిచిపోయేవాళ్లు చెరిగిపోతారు. నిలబడి ఉన్నవాళ్లనే జరగమనాలి.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్క. ఆవిడ ఉండేది మిల్లు క్వార్టర్సులో. మిల్లు మూతపడింది గానీ క్వార్టర్సు మూతపడలేదు. నాలుగంతస్తులు, అరవై కుటుంబాలు, నీళ్లకి కింద ఒకటే కుళాయి. అక్కది మూడో అంతస్తు. ముప్పై ఏళ్లు ఆ మెట్ల మీద బిందెలు మోసింది. ఉన్న ఒక్క గదిలో పుస్తకం తెరిచే చోటు లేక తమ్ముడు చదువుకున్నది రెండో మెట్ల మలుపులో, కిటికీ కింద. వెలుగు పిచ్చి అంటుకున్నదీ అక్కడే.

ఒకరోజు శాఖవాళ్లు ఆ క్వార్టర్సు మెట్లూ వరండాలూ ఫొటోలు తియ్యమన్నారు. ఎందుకని అడిగితే మరమ్మతులకని చెప్పాడు ఇంజినీరు. అతను నేరుగా అక్క దగ్గరికే పరిగెత్తాడు.

“అక్కా, మెట్లు బాగుచేస్తారట. పైకి నీళ్లు కూడా వస్తాయేమో.”

“నువ్వు ఫొటో తీస్తే రాక చస్తాయా,” అంది అక్క. అని ఊరుకోలేదు. నాలుగంతస్తులూ తిరిగి తలుపు తలుపూ కొట్టింది. “రేపు మా తమ్ముడు ఫొటోలు తీస్తాడు. గుమ్మాల ముందు సామాన్లన్నీ లోపల పెట్టుకోండి. వాడికి శుభ్రంగా ఉండాలి.” తాడు మీది బట్టలు, స్టవ్వులు, విరిగిన కుర్చీలు, చీపుళ్లు, గుమ్మాల ముందు చెప్పులు, అన్నీ లోపలికి పోయాయి. మెట్లు తనే ఊడ్చింది. పెళ్లిచూపులకి ముస్తాబైనట్టుంది మన బిల్డింగు అని ఎవరో అంటే నవ్వుకున్నారు.

పదింటికి వెలుగొచ్చింది. రెండో మలుపులో అతను షట్టరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కింద నుంచి బిందెతో అక్క.

“ఒరేయ్, నేను అందులో పడతానేమో!”

“నడుస్తూ ఉండు. నిలబడితేనే పడతావు.”

“నిలబడే తీరిక నాకెక్కడిది,” అనుకుంటూ ఆవిడ ఎండలోంచి నడిచి పైకి వెళ్లిపోయింది. ఆ ముప్పై సెకన్లలో ఇంకా అయిదుగురు దిగారు, ఎక్కారు. ఫొటోలో ఒక్కరూ లేరు. కిటికీ, మెట్లు, మెట్ల మీద వెలుగు. అంత అందమైన ఫొటో తను ఎప్పుడూ తియ్యలేదని అతనే నాతో అన్నాడు.

నాలుగు నెలలకి గోడ మీద నోటీసు పడింది. భవనం శిథిలం, నివాసులు లేరు, ఎవరైనా ఉంటే ఆక్రమించుకున్నవాళ్లే, నెలలో ఖాళీ చెయ్యాలి. ఆధారంగా పదమూడు ఫొటోలు జత చేశారు. నివాసులు లేరని రాసిన మనిషి ఒక్కసారి మెట్లెక్కి ఒక్క తలుపు తట్టలేదు. అవసరం లేదు. ఆ స్థలం ఎవరికి కావాలో వాళ్లకి కావలసింది ఖాళీ. అరవై కుటుంబాలున్న చోట ఖాళీ దొరకదు, తయారు చేయించుకోవాలి. దానికి పాపం పుణ్యం తెలియని మంచివాణ్ని ఒకణ్ని వెతుక్కుంటారు.

క్వార్టర్సువాళ్ల తరఫున అర్జీ రాసింది నేను. విచారణకి అతను తనంతట తనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆ ఫొటో.

“ఇది మీరు తీసిందేనా?” అన్నాడు అధికారి.

“నేనేనండి. ఇందులో ఆరుగురున్నారండి. కనబడరు. నడిచేవాళ్లు పడరు.” నల్ల అద్దం సంగతీ, ముప్పై సెకన్ల సంగతీ చెప్పాడు. గుమాస్తాలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అతను వేలితో మెట్లు చూపించాడు. “ఇదిగో, ఈ తడి చూడండి. మా అక్క బిందె తొణికిన నీళ్లు. ఎవరూ లేని ఇంట్లో నీళ్లెవరు మోస్తారండీ?”

అధికారి కళ్లజోడు సర్దుకుని చూశాడు. “అవును, తడిగానే ఉంది.” పక్కకి తిరిగి గుమాస్తాతో అన్నాడు, “రాసుకోండి. పైకప్పు కారుతోంది.”

“అయ్యా, కారడం కాదండీ...”

“సరే, మనుషులు కనబడరన్నారు. మరి ఈ వరండా ఫొటోల్లో, అరవై కుటుంబాలున్న చోట, గుమ్మం ముందు ఒక్క చెప్పుల జతైనా ఉండాలిగా? చెప్పులు కూడా నడిచిపోయాయా?”

గదిలో కొందరు నవ్వారు. వెనక వరసలో అక్క కూర్చుని ఉంది. తలుపు తలుపూ కొట్టి ఆ చెప్పులు లోపల పెట్టించిందెవరో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నాకు తరవాత తెలిసింది. ఆవిడ పేరు ఎక్కడ చెప్పాల్సొస్తుందోనని అతను అన్న మాట ఇది: “నేనే తీసేయించానండి. ఫొటో బాగుంటుందని.”

అది కూడా రాసుకున్నారు.

బయటికొచ్చాక అతను అక్క ముందు నిలబడలేక గోడకేసి తిరిగాడు. “నువ్వు కాకపోతే ఇంకొకడు తీసేవాడు,” అంది అక్క. తిట్టినా బాగుండేది.

క్వార్టర్సు పడగొట్టారు. ఆవిడకి ఊరవతల రేకుల గది ఒకటి దొరికింది. గుమ్మంలోనే కుళాయి. “మెట్లే లేవురా, మహారాణిలా ఉన్నాను,” అని ఫోనులో అనేది గానీ, రమ్మని మాత్రం అనేది కాదు. అతను శాఖ పని మానేశాడు. నల్ల అద్దం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎక్కడా స్టాండు నిలబెట్టింది లేదు.

ఏడాది తరవాత ఒక ఉదయం పిలవకుండానే వెళ్లాడు. గుమ్మానికి ఎదురుగా స్టాండు పెట్టాడు. గుమ్మం ముందు అక్క చెప్పులు, ఒకే జత. వాటిని ముట్టుకోలేదు.

“ఏంట్రా ఇది?”

“గుమ్మంలో నిలబడక్కా. ముప్పై లెక్కపెడతాను. కదలకు.”

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని నిలబడింది. అతను లెక్కపెట్టాడు. ఆవిడ ఊరికే నిలబడటం పుట్టి బుద్ధెరిగాక అతను చూడలేదు. పదిహేను దాకా నిలబడింది. పదహారు దగ్గర కుళాయి కింద పెట్టిన బిందె వైపు తిరిగింది.

“చాల్లేరా. జరుగు, నీళ్లు నిండిపోతున్నాయి.” బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

మిగతా పద్నాలుగూ అతను ఖాళీ గుమ్మానికే లెక్కపెట్టాడు.

ఆ ఫొటో నేను చూశాను. చెప్పులు స్పష్టంగా ఉన్నాయి, పట్టీ తెగి సూదితో కుట్టుకున్న చోటుతో సహా. గుమ్మంలో అక్క సగమే ఉంది. ఆవిడ మొహంలోంచి వెనకాల తలుపు కనబడుతోంది.