ఆనించిన వేలు

ఆ అచ్చాఫీసులో ఆమెను అందరూ ప్రూఫులమ్మ అనేవారు. పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఆరేళ్లుగా బ్రెయిలీ పుస్తకాల ప్రూఫులు చూస్తోంది. అది ఇద్దరు చేసే పని. బల్లకు ఇటు, ఆమెతో జతగా పనిచేసే మాస్టారు కూర్చుని అసలు ప్రతిని పైకి చదువుతారు. అటు ఆమె, కాగితం మీద లేచిన చుక్కల వెంట కుడి చూపుడువేలు నడుపుతుంది. తప్పు దగ్గర వేలు ఆగుతుంది. మాస్టారి గొంతూ ఆగుతుంది.

"ఎక్కడ?"

"మూడో వరుస. ఒక చుక్క పడలేదు."

"నేనే తప్పు చదివాననుకున్నా."

"అదీ చదివారు. కానీ దాన్ని అచ్చు వెయ్యరు కదా."

చక్కెర జబ్బు వచ్చి పన్నెండేళ్లు. ఇన్సులిన్ మొదలయ్యాక రోజుకు నాలుగుసార్లు వేలిని సూదితో పొడిచి నెత్తురు చుక్క తీయవలసి వచ్చింది. చదివే వేలిని ఆమె ముట్టుకోలేదు. మిగతా తొమ్మిదింటినీ వంతులవారీగా పొడిచింది. తొమ్మిదీ కాయలు కాచాయి. ఆ వానాకాలం ఎడమచేతి వేళ్లకు చీము పట్టింది. కుడిచేతి వేళ్లు ఎంత పొడిచినా చుక్క రాల్చలేదు. ఒక ఉదయం, వేరే దారి లేక, చూపుడువేలిని పొడిచింది. మర్నాడు మళ్లీ పొడిచింది.

నెల తిరిగేసరికి పిల్లల లెక్కల పుస్తకంలో మూడు తప్పులు ఆమె మొద్దుబారిన వేలి కిందనుంచి జారిపోయాయి.

మేనేజరు గదిలోకి పిలిచాడు. మంచివాడు, అందుకే గొంతు తగ్గించాడు. "ఏడాది చివరిదాకా చూద్దామమ్మా. తర్వాత పుస్తకాలు కుట్టే పనిలోకి మారుదురుగాని."

ఆమె బయటికి వచ్చి మాస్టారితో చెప్పింది. "నా వేలికి రిటైర్మెంట్ ఇస్తారట."

"నాకు అరవై మూడు. నాకే ఇవ్వలేదు. దానికేం తొందర?"

తర్వాతి వారం ఆయనే పేపర్లో ఒక ప్రకటన చదివి వినిపించారు. సూది లేకుండా చక్కెర కొలిచే పెట్టె తయారవుతోంది. బొటనవేలు పెడితే రేడియో తరంగాలు వేలిలోంచి అవతలికి వెళతాయి. రక్తంలో చక్కెరను బట్టి అవతలికి చేరే తరంగాల బలం మారుతుంది. ఆ మార్పును చూసి పెట్టె అంకె చెబుతుంది. పరీక్షకు మనుషులు కావాలి.

"రేడియో అంటే పాటలొస్తాయా?"

"నీ వేల్లోంచా? వార్తలొస్తే చాలు."

ప్రయోగశాలలో ముప్పై మంది కూర్చున్నారు. ఫినాయిల్ వాసన. ఏసీ మోత. అరగంటకోసారి నర్సు చేతికి పెట్టిన గొట్టంలోంచి రక్తం తీసేది. అదే నిమిషంలో బొటనవేలు పెట్టెలో పెట్టాలి. పెట్టె అంకెను పైకి చెప్పేది. ఆమె అలవాటు కొద్దీ బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, తన అంకెలన్నీ చుక్కలుగా పొడిచి పెట్టుకుంది.

సాయంత్రం రక్తం ఫలితాలు వచ్చాయి. పెట్టెను తయారుచేస్తున్న ఇంజనీరు అమ్మాయి గొంతు వాడిపోయింది. పెట్టె చెప్పినదానికీ రక్తం చెప్పినదానికీ పొంతన లేదు.

"మీవి ముందే పక్కన పెట్టేశాం ఆంటీ. గట్టిగా నొక్కమంటే మీరు నొక్కలేదు. మీ అంకెల తీరు అందరికంటే తేడాగా ఉంది."

"అందరివీ తప్పులే అంటున్నావు. వాటికి తేడాగా ఉంటే నావి ఏమైనట్టు పాపా?"

ఆమె, తోడు వచ్చిన మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, నా రక్తం కాగితం అందుకోండి. చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. ఆమె వేలు పలక కాగితం మీద ఆనింది.

"నూట నలభై ఆరు."

"నూట నలభై రెండు. నాలుగు తక్కువ. ఫరవాలేదా?"

"ఫరవాలేదు," అంది అమ్మాయి.

"నూట తొంభై."

"నూట తొంభై మూడు."

అలా పదకొండు దాటాయి. వేలు మెల్లగా నడిచింది, కానీ నడిచింది. అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది. పన్నెండో అంకె దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ తప్పు. డెబ్భై తేడా."

"అప్పుడేం చేశారు ఆంటీ?"

"నేనేం చెయ్యలేదమ్మా. నువ్వొచ్చి నా వేలు పట్టుకుని నొక్కావు."

ఆమె బొటనవేలిని బల్ల మీద తేలిగ్గా ఆనించి చూపింది.

"నొక్కితే వేల్లో నెత్తురు పక్కకు పోతుంది," అంది ఆమె. "పైగా ఒక్కొక్కరు ఒక్కోలా నొక్కుతారు. చుక్కలూ అంతే, నొక్కితే పలకవు. మేం వేలు ఆనిస్తాం. ఇరవై ఆరేళ్లుగా ఒకేలా ఆనిస్తున్నా."

అమ్మాయి కుర్చీ వెనక్కి పడింది. కారిడార్లో పరుగు, ఎవరెవరినో పిలుస్తున్న కేక.

"ఏడుస్తోందా?" అని అడిగింది ఆమె.

"నవ్వుతోంది. చెప్పులు ఇక్కడే వదిలేసింది."

పదిరోజుల తర్వాత అందరినీ మళ్లీ పిలిచారు. ఈసారి ఆమె బల్ల బల్లకూ వెళ్లి, ఒక్కొక్కరి చేతి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమయ్యా, గోడకు మేకు కొడుతున్నావా? ఈగ వాలినట్టు వాలాలి." ఆ సాయంత్రం ముప్పై మందిలో ఇరవై ఎనిమిది మంది అంకెలు రక్తంతో కలిశాయి. పెట్టెలో వేలు పెట్టేచోట మెత్తని స్ప్రింగ్ అమర్చారు. గట్టిగా నొక్కితే అది కూత పెడుతుంది.

డాక్టరు ఒప్పుకున్నాక ఒక పెట్టె ఆమె ఇంటికి వచ్చింది. వారానికోసారి చేతినుంచి రక్తం తీసి సరిచూసేవారు. చూపుడువేలి మీద పాత చర్మం పొరలుగా రాలింది. కింద కొత్తది వచ్చింది.

ఏడాది చివర ఆ పెట్టె వాడే పద్ధతి చెప్పే చిన్న పుస్తకం బ్రెయిలీ అచ్చుకు వచ్చింది. మేనేజరు దాన్ని ఆమె ముందే పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు. మాస్టారు మొదలుపెట్టారు.

"బొటనవేలిని గట్టిగా నొక్కండి."

వేలు ఆగింది. "చుక్కలు సరిగానే ఉన్నాయి. ప్రతిలోనే తప్పు. పాతది పంపినట్టున్నారు."

"ప్రతిని మనం దిద్దకూడదు కదమ్మా," అన్నాడు మేనేజరు.

"దీన్ని దిద్దొచ్చు. ఫోన్ చేసి అడగండి."

మేనేజరు వెళ్లి వచ్చాడు. "మీరేం చెబితే అదే వెయ్యమన్నారు."

"రాసుకోండి మాస్టారూ. నొక్కవద్దు. ఆనించండి."

తర్వాతి పేజీల్లో ఆమె పదకొండు తప్పులు పట్టింది. అందులో ఒకటి సగమే లేచిన చుక్క. మేనేజరు ఆ చోటు తడిమి చూశాడు. అతనికి ఏమీ తగల్లేదు. కుట్టుపని ఊసెత్తకుండా తన గదికి వెళ్లిపోయాడు.

"చదవండి మాస్టారూ. ఆగారేం?"

"నీ వేలు ఆగిందనుకున్నా."

"అది ఎప్పుడో దాటేసింది. మీరే వెనకబడ్డారు."